సైకిలుకు రిజిస్ట్రేషను, పన్ను అవసరమా? చిన్న రైతు తెలుసుకోవాల్సిన లెక్క



ఈ మధ్య ఒక ఊళ్ళో శనగ విత్తనశుద్ధి గురించి చెప్పడానికి వెళ్ళాను. సమావేశం అయ్యాక ఒక పెద్దాయన సైకిలు పట్టుకుని నిలబడి, "సారూ, మోటారు బండ్లకు ఉన్నట్టే సైకిళ్ళకూ నంబరు వేసి పన్ను కట్టించుకుంటారంట గదా. ఫోన్లో వచ్చిందని మా మనవడు చెబుతున్నాడు. నిజమేనా?" అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న కుర్రాడు అందుకున్నాడు. "మేం బండికి లైఫ్ ట్యాక్స్ కట్టాం, ఏటా ఇన్సూరెన్సు కడుతున్నాం, పెట్రోలు మీదా పన్ను కడుతున్నాం. రోడ్డు అందరిదీ అయినప్పుడు తాత మాత్రం ఎందుకు కట్టకూడదు?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ, అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. పాలు పోయడానికి, పచ్చిగడ్డి మోపు తేవడానికి, పిల్లలు హైస్కూలుకు వెళ్ళడానికి మనలో చాలామందికి ఇప్పటికీ సైకిలే ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో సైకిలు ఉంది. పల్లెల్లో ఆ సంఖ్య ఇంకొంచెం ఎక్కువ. అందుకే ఈ విషయాన్ని లెక్కలతో సహా చూద్దాం.

ఇప్పుడు చట్టం ఏం చెబుతోంది?

ముందు సూటి సమాధానం. తొక్కే సైకిలుకు రిజిస్ట్రేషను అవసరం లేదు, లైసెన్సు అవసరం లేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి చేసేది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. ఆ చట్టం ఇంజనుతోనో మోటారుతోనో నడిచే బండ్లకు వర్తిస్తుంది. కాళ్ళతో తొక్కేది దాని కిందకు రాదు.

అయితే పన్ను వేసే అధికారమే ప్రభుత్వానికి లేదనుకోకండి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 57వ అంశం ఉంది. రోడ్డు మీద తిరిగే వాహనాలపై, అవి యంత్రంతో నడిచినా నడవకపోయినా, పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని అది చెబుతుంది. మన 1994 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామ పంచాయతీ వేసుకోగల పన్నుల్లో వాహన పన్ను పేరు కూడా ఉంది. అంటే అధికారం ఉంది. దాన్ని వాడటం వల్ల లాభమా నష్టమా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ప్రస్తుతం కేంద్రం నడుస్తున్న దిశ మాత్రం పన్ను తగ్గించేదే. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక 6,000 రూపాయల ధర ఉన్న సైకిలు మీద అంతకు ముందు 720 రూపాయల పన్ను పడేది, ఇప్పుడు 300 పడుతుంది. ఈ ఏడాది సైకిలు కొనేవారు బిల్లు అడిగి, 5 శాతమే వేశారో లేదో చూసుకోండి.

ఒకప్పుడు సైకిలు పన్ను ఉండేది

యాభై దాటిన వారికి గుర్తుండే ఉంటుంది. నా చిన్నప్పుడు మా నాన్నగారి సైకిలుకు ముందు ఒక రేకు బిళ్ళ ఉండేది. ఏడాదికోసారి పంచాయతీలో డబ్బు కట్టి కొత్త బిళ్ళ తెచ్చి బిగించేవారు. బిళ్ళ లేని సైకిలును సంత రోజున దారిలో ఆపేవారు. రాత్రిపూట దీపం లేకపోయినా ఆపేవారు. పంచాయతీ మనిషి వస్తున్నాడంటే సైకిళ్ళు గడ్డివాముల చాటుకు పోయేవి. మా నాన్నగారు కట్టింది కొద్ది పైసలే. ఆ పైసల కోసం సంతకు వెళ్ళాల్సిన మనిషి సగం పూట దారిలో నిలబడిపోవడమే నాకు బాగా గుర్తు.

ఆ బిళ్ళలు నెమ్మదిగా ఎక్కడికక్కడ కనబడకుండా పోయాయి. ఎందుకు పోయాయో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది.

వసూలు ఖర్చు లెక్క

ఒక ఊళ్ళో 400 సైకిళ్ళు ఉన్నాయనుకుందాం. ఇది ఉదాహరణ కోసం వేసుకున్న లెక్క, మీ ఊరి అంకెలు పెట్టి మీరే మళ్ళీ వేసుకోవచ్చు. సైకిలుకు ఏటా 20 రూపాయలు అనుకుంటే, అందరూ కట్టినా వచ్చేది 8,000 రూపాయలు.

ఇప్పుడు ఖర్చు చూడండి. ఏటా బిళ్ళ మార్చాలి కాబట్టి ఒక్కోటి 10 రూపాయలనుకున్నా 4,000. ఒక మనిషి ఇల్లిల్లూ తిరిగి రోజుకు 40 సైకిళ్ళు రాయగలడనుకుంటే 10 రోజుల పని. రోజుకు 400 కూలి అయినా మరో 4,000. వచ్చిన 8,000 అక్కడికే సరి. రసీదు పుస్తకాలు, కంప్యూటరులో ఎక్కించే పని, కట్టనివారి వెంట తిరగడం ఇంకా లెక్కలోకి రాలేదు. నూరు మంది కట్టకపోతే పంచాయతీకి ఎదురు నష్టం.

ఫీజు 200 చేస్తే మిగులుతుంది కదా అని అడగొచ్చు. మిగులుతుంది. కానీ పాత సైకిలును ఏ పాత సామాన్ల వాడికో ఇస్తే వచ్చే డబ్బులో ఎంత భాగాన్ని ఏటా పన్నుగా కట్టాల్సి వస్తుందో ఆలోచించండి. ఆ పన్ను ఎక్కువగా పడేది మోటారు బండి కొనలేని ఇంటి మీద. పంచాయతీకి రాబడి కావాలంటే ముందు ఇంటి పన్ను బకాయిలు వసూలు చేసుకోవడం మేలు. ఆ రికార్డు ఇప్పటికే ఉంది, మొత్తం కూడా ఎక్కువ.

రోడ్డును అరగదీసేది ఎవరు?

ఇక కుర్రాడు అడిగిన మాటకు వద్దాం. రోడ్డు వాడుకునేవాళ్ళంతా కట్టాలన్నది న్యాయంగానే వినిపిస్తుంది. మరి రోడ్డు ఎవరి వల్ల ఎంత పాడవుతుంది?

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి పరీక్షలు చేశారు. వాటి నుంచి ఇంజనీర్లు తేల్చిన సంగతి ఇది. ఇరుసు మీద బరువు రెట్టింపు అయితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపుతో ఆగదు, సుమారు 16 రెట్లు అవుతుంది. మన పొలంలో ఖాళీ ట్రాక్టరు దిగితే పడే గాడికి, ధాన్యం నింపిన ట్రక్కుతో దిగితే పడే గాడికి తేడా మీకు తెలిసిందే.

సైకిలు 20 కిలోలు, మనిషి 60, గడ్డి మోపు 40 అనుకుంటే మొత్తం 120 కిలోలు. రెండు చక్రాల మీద పంచితే ఒక్కో ఇరుసుకు 60 కిలోలు. లోడు లారీ వెనక ఇరుసు మీద 10 టన్నులు, అంటే 10,000 కిలోలు ఉంటాయి. ఆ సూత్రం ప్రకారం లారీ ఇరుసు ఒక్కసారి దాటితే జరిగే నష్టం, సైకిలు ఇరుసు కోట్ల సార్లు దాటితే జరిగే నష్టంతో సమానం. ఇంత తేలిక బరువుల దగ్గర ఆ సూత్రాన్ని అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. విషయం మాత్రం స్పష్టం. సైకిలు వల్ల తారు రోడ్డు అరగదు. నిజానికి ఆ కుర్రాడి మోటారు సైకిలు వల్ల కూడా పెద్దగా అరగదు.

మరి కుర్రాడి బండికి రిజిస్ట్రేషను ఎందుకు? అది వేగంగా పోతుంది, గుద్దితే ఎదుటి మనిషి ప్రాణం పోవచ్చు. అప్పుడు బండి ఎవరిదో తెలియాలి, నడిపిన మనిషికి లైసెన్సు ఉండాలి, దెబ్బతిన్న కుటుంబానికి ఇన్సూరెన్సు నుంచి పరిహారం రావాలి. నంబరు ప్లేటుకు అసలు కారణం ఇదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, బ్యాటరీ సైకిళ్ళ దగ్గర మళ్ళీ అవసరపడుతుంది.

సైకిలు రైతు రోడ్డుకు ఏమీ కట్టడం లేదా?

కడుతున్నాడు, కాకపోతే రసీదు కనబడదు. పెట్రోలు, డీజిలు మీద కేంద్రం రోడ్ల కోసం సెస్సు వసూలు చేస్తుంది. మీరు దుక్కికి ట్రాక్టరు కిరాయి ఇచ్చినా, కోతకు హార్వెస్టరు పెట్టినా, ధాన్యం ట్రక్కుకు కిరాయి ఇచ్చినా అందులో డీజిలు ఖర్చు ఉంటుంది, ఆ డీజిలులో సెస్సు ఉంటుంది. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా జీఎస్టీ ఉంటుంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లు ఇలాంటి ప్రజల డబ్బుతోనే వేశారు. అవి మోటారు బండ్ల వాళ్ళు మాత్రమే కట్టి వేయించుకున్న రోడ్లు కావు.

ఎదుటి వాదన కూడా నిజాయితీగా చూడాలి. నగరాల్లో 60,000 రూపాయల సైకిళ్ళు కొనేవారు ఉన్నారు, వారు కట్టలేరా అంటారు. కట్టగలరు, ఇప్పుడూ కడుతున్నారు. 5 శాతం జీఎస్టీ చొప్పున 6,000 సైకిలు మీద 300 పడితే, 60,000 సైకిలు మీద 3,000 పడుతుంది. శాతంలో పన్ను ఉంటే స్తోమతను బట్టి భారం పడుతుంది. తలకింత అని ఫీజు పెడితే పాలు పోసే రైతూ, సరదాకు తొక్కే శ్రీమంతుడూ ఒకే మొత్తం కట్టాలి.

ఇతర దేశాల అనుభవం

సైకిళ్ళకు పేరుపడ్డ నెదర్లాండ్స్‌లో 1924 నుంచి 1941 వరకు సైకిలు పన్ను ఉంది. కట్టినవారికి లోహపు బిళ్ళ ఇచ్చేవారు. పని లేని పేదలకు ఉచితంగా ఇచ్చేవారు గానీ, ఆ బిళ్ళకు ఒక రంధ్రం ఉండేది. ఆ రంధ్రాన్ని చూసి ఇతను పేదవాడని ఊరంతా గుర్తుపట్టేది. పేదలకు మినహాయింపు ఇద్దాం అన్నంత మాత్రాన సమస్య తీరదనడానికి ఇది ఉదాహరణ.

స్విట్జర్లాండ్‌లో ఒకప్పుడు ఏటా ఒక స్టిక్కరు కొని సైకిలుకు అంటించాల్సి ఉండేది. ఎవరినైనా గుద్దితే పరిహారం ఇచ్చే బీమా ఆ స్టిక్కరుతో పాటు ఉండేది. 2012 నుంచి దాన్ని కూడా ఎత్తేశారు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం మాత్రం 2018 నుంచి 200 డాలర్లు, అంతకు మించిన కొత్త సైకిలు మీద ఒకేసారి 15 డాలర్ల పన్ను తీసుకుంటోంది. అక్కడ తక్కువ ధర సైకిలుకు పన్ను లేదు, ఏటా తిరిగి వసూలు చేసే పని లేదు, దుకాణంలోనే తీసుకుంటారు. ఎప్పుడైనా మన దగ్గర ఇలాంటి మాట వస్తే అడగాల్సిన ప్రశ్నలు ఇందులోనే ఉన్నాయి. ఎంత ధర పైన? ఎన్నిసార్లు? వచ్చిన డబ్బు ఎక్కడ ఖర్చు పెడతారు?

మన దేశంలో కూడా ఒక అనుభవం ఉంది. బీహారు ప్రభుత్వం 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళ పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని పరిశీలించి, దానివల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. ఒక చేత్తో సైకిలు ఇచ్చి ఇంకో చేత్తో దాని మీద ఏటా ఫీజు అడగడం అర్థం లేని పని.

దొంగతనం మాటేమిటి?

రిజిస్ట్రేషను వల్ల ఒక మేలు ఉంటుంది, దాన్ని కాదనను. పోయిన సైకిలు దొరికితే ఎవరిదో తెలుస్తుంది. జపాన్‌లో ఇందుకోసమే సైకిలు కొన్నప్పుడు ఒకసారి కొద్ది రుసుముతో నమోదు చేస్తారు, పోలీసులు ఆ నంబరుతో యజమానిని కనుక్కుంటారు.

మనం ఈ మేలు ఖర్చు లేకుండానే పొందవచ్చు. సైకిలు ఫ్రేము మీద కంపెనీ కొట్టిన నంబరు ఉంటుంది. సాధారణంగా సీటు కింద గొట్టం మీదో, పెడళ్ళు తిరిగే చోట అడుగునో కనబడుతుంది. ఆ నంబరును, సైకిలును ఫోనుతో ఫోటో తీసి బిల్లుతో పాటు ఉంచుకోండి. సైకిలు పోతే ఫిర్యాదులో ఆ నంబరు రాయండి.

బ్యాటరీ సైకిలు కొనేవారు ఇక్కడ ఆగి చదవండి

పన్ను గురించి భయపడాల్సిన పని ఇప్పుడు లేదు. జాగ్రత్త పడాల్సింది బ్యాటరీ బండ్ల దగ్గర.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కొన్ని షరతులకు లోబడిన బ్యాటరీ సైకిలును మోటారు వాహనంగా లెక్కించరు. దాని మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండాలి. వేగం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవాలి. బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకూడదు. తగిన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. ఇవన్నీ ఉన్నాయని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అది మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి.

మా మండలంలో ఒక రైతు పట్నంలోని ఒక దుకాణంలో బ్యాటరీ బండి కొన్నాడు. "దీనికి ఆర్టీఓ అక్కర్లేదు" అన్నది దుకాణదారు మాట. అది 40 దాటి పరుగెత్తేది. ఒక సాయంత్రం ఊరి మలుపులో ఒక పెద్దావిడకు తగిలి ఆమె తుంటి ఎముక విరిగింది. ఇన్సూరెన్సు లేదు, రిజిస్ట్రేషను లేదు, ఆ రైతుకు లైసెన్సూ లేదు. ఆసుపత్రి ఖర్చు కోసం రెండు పాడి గేదెల్ని అమ్ముకున్నాడు. ఆవిడకూ ఆ డబ్బు పూర్తిగా సరిపోలేదు. రెండు ఇళ్ళూ దెబ్బతిన్నాయి. పట్నానికి వెళ్ళి అడిగితే, దుకాణదారు బిల్లు మీద రాసింది చూపించాడు. అందులో వేగం గురించి ఒక్క ముక్కా లేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. తొక్కే సైకిలుకు రిజిస్ట్రేషను వద్దు, పన్ను వద్దు. పరిమితి దాటిన బ్యాటరీ బండికి రిజిస్ట్రేషను ఉండి తీరాలి, అది మన మంచికే. ఎన్ని చక్రాలు ఉన్నాయన్నది కాదు, ఎదుటి మనిషికి ఎంత ప్రమాదం అన్నదే కొలత కావాలి.

సైకిలు మీద వెళుతుంటే ప్రమాదం జరిగితే

"నా సైకిలుకు కాగితాలు లేవు, నాకు పరిహారం ఎవరిస్తారు?" అని కొందరు ఊరుకుంటున్నారు. అది పొరపాటు. మిమ్మల్ని మోటారు బండి గుద్దితే ఆ బండి ఇన్సూరెన్సు నుంచి పరిహారం కోరవచ్చు. మీ సైకిలుకు ఏ కాగితమూ అక్కర్లేదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు 2019 సవరణ 6 నెలల గడువు పెట్టింది కాబట్టి ఆలస్యం చేయకండి. గుద్దిన బండి ఆగకుండా పోయి, ఏదో తెలియకపోయినా 2022 పథకం ప్రకారం మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు వస్తాయి. ముందు పోలీసు కేసు నమోదు కావాలి, తర్వాత తహసీల్దారు కార్యాలయంలో అడగండి.

రైతులకు సూచనలు

• సైకిలు రిజిస్ట్రేషను పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ప్రభుత్వ ఉత్తర్వు చూపించమనండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఫోనులో వచ్చిన లింకు నొక్కి అసలే కట్టకండి.

• పంచాయతీ ఎప్పుడైనా వాహన పన్ను ప్రతిపాదిస్తే గ్రామసభకు వెళ్ళండి. వసూలు ఖర్చు ఎంత, మిగిలేది ఎంత అని అడిగి లెక్క రాయించండి.

• బ్యాటరీ బండి కొనేటప్పుడు మోటారు వాట్లు, గరిష్ఠ వేగం బిల్లు మీద రాయించుకోండి. పరీక్షా సంస్థ ధ్రువపత్రం నకలు తీసుకోండి. ఆ తర్వాత వేగం పెంచే మార్పులు చేయించకండి. మామూలు సైకిలుకు మోటారు కిట్టు బిగించినా ఇవే షరతులు.

• సైకిలు వెనక మడ్‌గార్డుకు, పెడళ్ళకు రేడియం స్టిక్కర్లు అంటించండి. గడ్డి మోపు కడితే వెనక రిఫ్లెక్టరు కనబడదు కాబట్టి మోపుకు ఒక తెల్ల గుడ్డ కట్టండి.

• ట్రాక్టరు ఉన్నవారు ట్రక్కు వెనక రిఫ్లెక్టర్లు తప్పక పెట్టించండి. చీకట్లో రోడ్డు పక్కన ఆపిన ట్రక్కు సైకిలు మీద వచ్చేవాడికి గోడ లాంటిది. ట్రక్కుకు కూడా రిజిస్ట్రేషను ఉండాలన్నది మరచిపోకండి.

• ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరండి. 18 నుంచి 70 ఏళ్ళ వారికి ఏటా 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు, శాశ్వతంగా పాక్షిక వైకల్యం వస్తే లక్ష. బీమా కాలం జూన్ 1 నుంచి మే 31 వరకు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోండి. మీ ఖాతా ఉన్న బ్యాంకులోనే రాసివ్వవచ్చు.

ఆ రోజు పెద్దాయనకు ఇదే చెప్పాను. "నీకు పన్ను లేదు తాతా, కానీ 20 రూపాయలు కట్టాల్సిన చోటు ఒకటుంది" అని బీమా సంగతి వివరించాను. వయసెంత అని అడిగితే 68 అన్నారు. ఇంకా రెండేళ్ళు అవకాశం ఉంది. మర్నాడు మనవడే బండి మీద ఎక్కించుకుని ఆయన్ను బ్యాంకుకు తీసుకెళ్ళాడు. మీ ఇంట్లో సైకిలు తొక్కే పెద్దలుంటే ఈ వారమే తీసుకెళ్ళండి.